నేలపట్టు చెరువు గట్టు మీద మన ఏడో తరగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వార్తాలేఖలో పరీక్షల సంగతి ముందు రాయడం నాకు అలవాటు. ఈసారి ఆ వివరాలు రెండో పేజీలో ఉన్నాయి. ముందు పక్షులు గూళ్లు కట్టుకునే నేలపట్టు చెరువు గురించి చెప్పాలి.

పోయిన శనివారం ఏడో తరగతి 'ఎ' సెక్షన్ పిల్లల్ని తీసుకుని చీకటితోనే బయలుదేరాం. దొరవారిసత్రం దగ్గర హైవే దిగి లోపలికి వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. చెరువు దగ్గరికి రాగానే రెట్ట వాసన గుప్పుమంది, అందరూ ముక్కులు మూసుకున్నారు. ఆ రెట్ట కలిసిన నీళ్లు పారితే పైరుకు బలమని ఊరి రైతులు నమ్ముతారు. అందుకే తరతరాలుగా ఈ పక్షుల జోలికి ఎవరినీ పోనివ్వలేదు. 1976లో ప్రభుత్వం దీన్ని రక్షిత కేంద్రంగా ప్రకటించింది కానీ, కాపలా అంతకు చాలా ముందునుంచే ఉంది. ఈ మాట చెప్పాక ముక్కుల మీది చేతులు ఒక్కొక్కటే దిగాయి.

నీళ్లలో నిలబడ్డ నీటి కడప చెట్ల నిండా గూళ్లే. గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. ఒక గూటిలో గూడబాతు పిల్ల తన తలంతా తల్లి గొంతుసంచిలోకి దూర్చేసింది. మెడ కూడా కనపడటం లేదు. తల్లి దాన్ని మింగేస్తోందనుకుని పక్కనున్న పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి పిల్ల తల బయటికి తీసి, చేప మింగి, రెక్కలు విదిలించింది. అప్పుడు వదిలింది నా చెయ్యి. క్లాసులో నోరు విప్పని ఆ పాప తిరిగొచ్చేదాకా బస్సులో అదే చెబుతూనే ఉంది.

ఒక తప్పు దిద్దుకోవాలి. వెళ్లేటప్పుడు బస్సులో నేనే "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చిన పక్షులు" అన్నాను. చిన్నప్పటినుంచీ విన్న మాట అది. కానీ మన గూడబాతు ఈ దేశపు పక్షే. వానలు పడి చెరువులు నిండితే గూడు కట్టుకోవడానికి ఇక్కడికి చేరుతుంది. సైబీరియా లాంటి చోట్ల గూళ్లు కట్టుకుని, చలికాలానికి ఇటు వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. సోమవారం ప్రేయర్‌లో పిల్లలందరికీ ఇది చెప్పాను. మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే వాళ్లనే అడగండి, వివరంగా చెబుతారు.

గూడబాతులు పిల్లల కోసం చేపలు తెచ్చేది ఎక్కువగా పులికాట్ సరస్సు నుంచే. మేమూ అక్కడికే వెళ్లాం. శ్రీహరికోట రోడ్డుకు అటూ ఇటూ లోతులేని నీళ్లలో రాజహంసలు (ఫ్లెమింగోలు). ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదను వడగట్టి, అందులో దొరికినవి తింటాయి. అలా దొరికే నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల నుంచే వాటికి గులాబీ రంగు వస్తుంది. గుంపులో బూడిద రంగువి ఎందుకున్నాయని ఒక బాబు అడిగాడు. అవి ఇంకా పిల్లలు, రంగు రావడానికి కొన్నేళ్లు పడుతుంది.

సముద్రపు నీళ్లు వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే సరస్సులో చేపలు తగ్గుతాయి. అప్పుడు పక్షికీ, వల వేసేవాడికీ ఒకే కష్టం. దీని గురించి మా టీచర్లకన్నా మీలో సరస్సు మీద వేటకు వెళ్లేవాళ్లకే బాగా తెలుసు. దయచేసి ఒక గంట వచ్చి పిల్లలతో మాట్లాడండి. ఏ రోజు వీలైతే ఆ రోజే క్లాసు పెడతాం.

'బి' సెక్షన్ ప్రయాణం సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి శనివారం. బస్సు ఉదయం 5 గంటలకు గేటు దగ్గరనుంచి కదులుతుంది. మెరిసే బట్టలు, ఎర్రటి బట్టలు వద్దు. ఆకుపచ్చ, మట్టి రంగువైతే మంచిది. టిఫిన్ స్టీలు డబ్బాలో పంపండి, ప్లాస్టిక్ కవర్లు వద్దు. సెల్‌ఫోన్లు, స్పీకర్లు ఇవ్వకండి. పిల్లలున్న గూళ్ల దగ్గర గోల చేస్తే తల్లిపక్షులు లేచిపోతాయి, ఆ కాసేపట్లోనే కాకులు గూటి మీద పడతాయి. స్కూల్లో బైనాక్యులర్లు రెండే ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే ఒక్కరోజుకు ఇప్పించండి, పేరు రాసి జాగ్రత్తగా తిరిగి పంపుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు