మా బాబు నిక్కరుకి హుక్ వద్దు, ఎలాస్టిక్ వేయించండి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి నమస్కారం.

మా బాబుకి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది, సర్కారు బడిలో మూడో తరగతి. వాడు బడిలో మంచినీళ్లు తాగడం మానేశాడని మాకు చాలా రోజులు తెలియలేదు. పొద్దున నింపి ఇచ్చిన బాటిల్ సాయంత్రం అలాగే తిరిగొచ్చేది. వాడు మాటల్లో చెప్పలేడు కదా, మేమే ఒక్కోటి గమనిస్తూ పోతే చివరికి తేలిందేంటంటే, నిక్కరు హుక్ తీసుకోవడం వాడికి రాదు, బాత్రూంకి వెళ్లి అది విప్పుకునేలోపు రెండుసార్లు తడుపుకున్నాడు, పిల్లలు నవ్వారు, ఇక నీళ్లే మానేశాడు.

అంగీ తొడుక్కోవడం నేర్పడానికి మాకు ఏడు నెలలు పట్టింది. థెరపిస్ట్ మేడం చెప్పినట్టు చివరి నుంచి మొదలుపెట్టాం. అంటే అంతా నేనే తొడిగి, ఆఖరున అంగీని కిందికి లాగడం మాత్రం వాడికి వదిలేదాన్ని, అది వచ్చాక రెండో చెయ్యి దూర్చడం, ఆ తర్వాత మొదటి చెయ్యి. ఎంత చిన్న పనైనా వాడి చేతుల్లోనే పూర్తయ్యేది, ఆ సంతోషం ముఖంలో కనపడేది. నిక్కరు లోపల వెనక పక్క ఎర్రదారంతో ఒక గుర్తు కుట్టాను, ముందేదో వెనకేదో అది చూసి పోల్చుకుంటాడు. గుండీలు కింది నుంచి పైకి పెట్టిస్తాను, ఎందుకంటే కింది గుండీ కంటికి కనపడుతుంది, మెడ దగ్గరది కనపడదు. ఇప్పటికి రెండు పెడతాడు.

మెడ దగ్గర లేబుల్ ఉందని మనకి గుర్తు కూడా ఉండదు, వాడు మాత్రం గోకి గోకి ఎర్రగా చేసుకుంటాడు. కత్తెరతో కత్తిరిస్తే మిగిలిన అంచు ఇంకా గుచ్చుకుంటుంది, కుట్టు విప్పి మొత్తం తీయాలి. కొత్త బట్టలో గంజి పోయేదాకా నాలుగైదు సార్లు ఉతికి గానీ వేయను. అది మొండితనం కాదండీ, ఒంటికి తగిలేది వాడికి మనకంటే ఎక్కువగా తెలుస్తుంది.

అదే రంగు గుడ్డతో, నడుముకి ఎలాస్టిక్ పెట్టించి వేరే నిక్కరు కుట్టించాను. రెండో రోజుకే వాడంతట వాడు బాత్రూంకి వెళ్లొచ్చాడు. మూడో రోజు, ఇది యూనిఫాం కాదు, అందరూ ఒకేలా ఉండాలి అని బడి నుంచి తిప్పి పంపారు. సర్టిఫికెట్ చూపిస్తే, పైనుంచి ఆర్డరు కాగితం ఉంటే తెమ్మన్నారు. ఆ టీచర్ మీద నాకు కోపం లేదు. ఆమె అడిగిన కాగితమే ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ఏ బిడ్డ అవసరానికి తగ్గ సౌకర్యం ఆ బిడ్డకి బడి కల్పించాలని 16వ సెక్షన్ చెబుతోంది. చక్రాల కుర్చీ పిల్లవాడికి ర్యాంపు ఎలాగో మా వాడికి ఎలాస్టిక్ అలాగ.

యూనిఫాంలు కుట్టేది మన మహిళా సంఘాల అక్కచెల్లెళ్లే కాబట్టి ఇది కష్టమైన పని కాదు. కొలతలు తీసుకునే రోజే ఈ బిడ్డకి హుక్ కావాలా, ఎలాస్టిక్ కావాలా అని తల్లిని అడిగి రాసుకుంటే చాలు. అంగీకి పైకి గుండీలు అలాగే ఉంచి వెనక వెల్క్రో కుట్టొచ్చు, వెల్క్రో చప్పుడు పడని పిల్లలకి టిచ్ బటన్లు పెట్టొచ్చు. లేబుల్ బదులు సైజు గుడ్డ మీదే అచ్చు వేయొచ్చు. నమూనా కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది, ఒకప్పటి ఎన్‌ఐఎంహెచ్, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, వాళ్లని అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సర్కారు నడిపే భవిత కేంద్రాల్లో కూడా అక్షరాలతో పాటు గుండీ, జిప్, సాక్సు నేర్పించండి.

బడులు జూన్‌లో తెరుస్తారు, కుట్టడం అంతకు ముందే మొదలవుతుంది, ఆ లోపే ఉత్తర్వు అన్ని బడులకీ చేరాలి. అప్పటిదాకా, ఇంట్లో కుట్టించిన ఎలాస్టిక్ నిక్కర్లతో వచ్చే పిల్లల్ని తిప్పి పంపొద్దని హెడ్మాస్టర్లకి ఒక మెసేజ్ అయినా పెట్టించండి. మా వాడు ఇవాళ కూడా నిండు బాటిల్‌తోనే ఇంటికి వచ్చాడు.

ఇట్లు,
కరీంనగర్ జిల్లా నుంచి ఒక తల్లి