తాతయ్య షెడ్డు ఇస్తాను, కానీ...

నూజివీడు

చిట్టితల్లీ,

షాపులో బేరాల్లేని వేళ చూసుకుని మీ దెయ్యం సినిమా స్క్రిప్టు చదివాను. ఆర్టీసీ కార్గోలో వేస్తున్న పెట్టెలో సామానుతో పాటు ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను. ఫోనులో చెబుదామంటే మీ అమ్మ పక్కన చేరి "ఆడపిల్ల, రాత్రిపూట, తోటలో" అని మొదలెడుతుంది, అసలు సంగతులు ఉండిపోతాయి. మొత్తానికి ఒప్పించాను. తోటలో తాతయ్య మోటారు షెడ్డు మీరు వాడుకోవచ్చు. తెల్లచీర మాత్రం ఇవ్వదట, దెయ్యానికి నైటీ వేసుకోండంది. నాకైతే నైటీ దెయ్యమే నయమనిపించింది. తెల్లచీరవాళ్లను ఇప్పటికే చాలామందిని చూశాం.

'ఈవిల్ డెడ్' అనే అమెరికా దెయ్యం సినిమా మీద అభిమానంతో తీస్తున్నామన్నావు. బాగుంది. కానీ స్క్రిప్టులో దిగింది వాళ్ల దెయ్యం, వాళ్ల పుస్తకం, వాళ్ల రంపం. వాళ్లు పడిన తంటాలు ఎక్కడా లేవు, మీకు పనికొచ్చేవేమో అవి. దాన్ని తీసిన డైరెక్టరు సామ్ రైమీ, అతని స్నేహితులు అప్పుడు మీలాగే కుర్రాళ్లు. 1978లో దాదాపు 1,600 డాలర్లతో అరగంట సినిమా ఒకటి తీసి, దాన్ని చూపించి పెద్ద సినిమాకు డబ్బు పోగేశారు. 1979 చివర్లో టెనెసీలో మోరిస్‌టౌన్ దగ్గర ఒక పాడుబడ్డ ఇంట్లో షూటింగు పెట్టుకున్నారు. చలికి వణుకుతూ తీశారు. ఖరీదైన పరికరాలు లేక కెమెరాను చెక్కకు బిగించి, చెరో కొస పట్టుకుని చెట్ల మధ్య పరుగెత్తారు. మనకు దెయ్యం కనిపించదు, అది చూసే చూపు కనిపిస్తుంది. నీ స్క్రిప్టులో రెండో పేజీకే దెయ్యం ముఖం క్లోజప్పులో ఉంది, పైగా దాని మేకప్పుకే బడ్జెట్‌లో సగం రాశారు. అది కొట్టెయ్యండి. స్టేజీ చెక్కలు షెడ్డులోనే ఉన్నాయి, సన్నది ఒకటి చూసి తీసుకోండి. ఆ పరుగు మాత్రం పగలే ప్రాక్టీసు చెయ్యండి, పాదులు తవ్వి ఉన్నాయి, కాలు మడతపడుతుంది.

లైట్ల సంగతి నాకు వదిలెయ్. పెట్టెలో ఎల్‌ఈడీ ఫోకస్‌లు పెట్టాను. ఇలాంటి చౌకరకం లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు కానీ ఫోను కెమెరా పట్టేస్తుంది, తెర మీద చారలు పాకుతాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టి చూడండి. లైటు ముఖానికి ఎదురుగా కొట్టకండి, మనిషి వెనక నుంచి వేసి నీలం జిలెటిన్ కాగితం కట్టండి, వెన్నెల అనుకుంటారు. పొగకు సాంబ్రాణి చాలు. ఇనప బకెట్టులోనే వెయ్యండి, పక్కన నీళ్లుండాలి, కింద ఎండాకులు. జనరేటరు అడిగావు, పంపను. అది మోగుతుంటే కీచురాళ్లు వినిపించవు, మీ సినిమాకు సగం భయం వాటిదే. ఎముక విరిగిన చప్పుడుకు మైకు దగ్గర మునక్కాడ విరవండి. ఎండు తాటాకు నేలమీద ఈడిస్తే ఎవరో వస్తున్నట్టే ఉంటుంది.

రక్తానికి మీ అమ్మ ఎర్రనీళ్లు కలిపిస్తానంది, దిష్టి తీసేవి. వద్దన్నాను. అందులో సున్నం ఉంటుంది, కంట్లో పడితే కన్నే పోవచ్చు. పంచదార పాకంలో ఎర్ర ఫుడ్ కలరు, చిటికెడు కాఫీ పొడి వెయ్యండి. చీమలు పడతాయి, పట్టనీ.

ఇక అసలు మాట. మూడో సీనులో షెడ్డు ముందు ముగ్గేసి, నిమ్మకాయలు కోసి, కుంకుమ చల్లి, గుడ్డబొమ్మకు మేకులు కొట్టారు. నువ్విప్పుడు విజయవాడ హాస్టల్లో ఉన్నావు కాబట్టి అది నీకు సెట్టు. పొద్దున్నే పాలకెళ్లేవాడికి అది సెట్టు కాదు. తోటలో చేతబడి జరిగిందని మధ్యాహ్నానికి ఊరంతా పాకుతుంది. ఎవరు చేశారంటే మీ పేర్లు ఎవరూ చెప్పరు. ఊరి చివర ఒంటరిగా ఉండే ఏ ముసలమ్మ పేరో, వేర్లూ మూలికలూ ఇచ్చే ఏ ముసలాయన పేరో పైకొస్తుంది. ఆ తర్వాత ఎవరికి జ్వరమొచ్చినా, గేదె చచ్చినా ఆ మనిషి ఖాతాలోకే. ఇలాంటి అనుమానంతో మనుషుల్ని చెట్లకు కట్టేసి కొట్టారు, చంపారు కూడా. మన రెండు రాష్ట్రాల పేపర్లలోనూ అలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. నువ్వు సరదాగా వదిలేసిన నిమ్మకాయ ఇంకొకరి ప్రాణం మీదికి రాకూడదు. ఆ సీను నాకు నచ్చలేదు, తీసేస్తే సంతోషం. ఉంచి తీరాలంటే షెడ్డు లోపల తియ్యండి, ముగ్గు కడిగి, కాయలూ బొమ్మా సంచిలో వేసుకుని వచ్చెయ్యండి. సర్పంచిగారికి, కాపలా తాతకు, పక్క తోట వాళ్లకు ముందే నేను చెబుతాను. వాళ్లను కూడా వచ్చి చూడమంటాను. టీ తాగుతున్న దెయ్యాన్ని చూసినవాడు పుకారు పుట్టించడు.

వేషంతో రోడ్డెక్కి దారినపోయేవాళ్లను బెదిరించి, వాళ్ల అరుపులు రికార్డు చేద్దామని మీ జట్టులో ఆ పొడుగబ్బాయి స్క్రిప్టు మార్జిన్లో రాశాడు. 2019లో బెంగళూరులో సరిగ్గా ఇదే పని చేసిన ఏడుగురు కుర్రాళ్లను పోలీసులు పట్టుకెళ్లారని చెప్పు. గుండె జబ్బువాడు ఎదురైతే ఏంటి?

కట్లపాము రాత్రే తిరుగుతుంది, కరిచినా నొప్పి పెద్దగా తెలియదు. బూట్లు, టార్చి లేకుండా ఒక్కరూ షెడ్డు దాటొద్దు, నేలమీద పడుకోవద్దు. మోటారు స్టార్టరు డబ్బా జోలికి పోవద్దు, అది 415 వోల్టులు. తాళం వేస్తాను.

సినిమా ఊరికే చూపిస్తాం, డబ్బు తీసుకోం, కాబట్టి ఇబ్బంది లేదని రాశావు. డబ్బు తీసుకోనంత మాత్రాన వాళ్ల కథ మనదైపోదమ్మా. ఫ్యాన్ ఫిల్మ్, అంటే అభిమానులు తీసింది అని మొదట్లోనే వేసుకోండి, వాళ్ల సంగీతం ముట్టుకోకండి, తీసెయ్యమంటే తీసెయ్యడానికి సిద్ధంగా ఉండండి. లేదా మన తోట దెయ్యాన్నే ఒకదాన్ని పుట్టించండి, అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు.

ఒకటి మర్చిపోయాను. పరీక్షలొస్తే మీ జట్టులో సగం మంది మాయమవుతారు. రైమీకీ అదే జరిగింది, షూటింగు సాగేకొద్దీ నటులు వెళ్లిపోయారు. వాళ్ల బట్టలు వేరేవాళ్లకు తొడిగి, వీపు, చెయ్యి, తల వెనక భాగం చూపిస్తూ పూర్తి చేశారు. ఆ పొడుగబ్బాయి రాకపోతే కబురు చెయ్యి. వాడి ఎత్తు నాకు లేదు కానీ, స్టూలు మీద నిలబడి వీపు చూపించడానికి నేను సిద్ధం.

మీ నాన్న