గోదావరి రేవుల్లో నీటి పరీక్ష ఫలితాన్ని బోర్డు మీద రాయండి

సంపాదకులకు నమస్కారం.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి రాజమహేంద్రవరంలో ఇప్పుడు ఏ నలుగురు కలిసినా అదే మాట. ఘాట్లు వెడల్పు చేయాలి, రోడ్లు వేయాలి, రైళ్లు పెంచాలి, 2015లో మొదటిరోజే పుష్కర ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాట లాంటిది మళ్లీ జరగకూడదు. అన్నీ నిజమే, అన్నీ కావాలి. కానీ ఇన్ని మాటల మధ్య నీళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అన్ని లక్షల మంది వచ్చేది ఆ నీళ్లలో మునగడానికే కదా, మరి ఈరోజు ఆ నీళ్లు ఎలా ఉన్నాయో రేవులో దిగేవాళ్లకు చెప్పే ఏర్పాటు ఏది?

నేను అడిగేది ఒక్కటే. ప్రతి పెద్ద రేవులో మెట్లు మొదలయ్యే చోట అందరికీ కనపడేలా ఒక బోర్డు పెట్టాలి. నీళ్లు ఎప్పుడు తీశారు, పరీక్షలో ఏం తేలింది, స్నానానికి పనికొస్తాయా లేదా అన్నది దాని మీద తెలుగులో రాయాలి. పుష్కరాల 12 రోజుల కోసం మాత్రమే అయితే అక్కర్లేదు, ఇప్పుడే మొదలుపెట్టి ఏడాది పొడవునా నడపాలి. నేను చాలాకాలం కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, దయచేసి కత్తిరించకుండా వేయండి.

మనకు ప్రమాణాలు లేక కాదు. నదుల్లో, చెరువుల్లో స్నానం చేసే నీళ్లు ఎలా ఉండాలో కేంద్ర ప్రభుత్వం 2000లోనే పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద నోటిఫై చేసింది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఫీకల్ కోలిఫామ్ బ్యాక్టీరియా 500 లోపు ఉంటే మంచిది, 2500 మాత్రం దాటకూడదు. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ, అంటే నీళ్లలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, 3 మిల్లీగ్రాములకు మించకూడదు, పులుపు, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఫీకల్ కోలిఫామ్ అంటే మనుషుల పేగుల్లో, పశువుల పేగుల్లో బతికే బ్యాక్టీరియా. వాటిలో చాలావరకు జబ్బు తెచ్చేవి కావు. కానీ అవి నీళ్లలో కనిపించాయంటే మలం కలిసిందని అర్థం, మలం కలిసిందంటే టైఫాయిడ్, కామెర్లు, వాంతులు విరేచనాలు తెచ్చే క్రిములు కూడా దాంతోపాటే వచ్చి ఉండొచ్చు. ఒక్కో క్రిమినీ విడివిడిగా వెతకడం కష్టం కాబట్టి దీన్ని లెక్కపెడతారు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ అంకెలు స్నానానికి పెట్టినవి, తాగే నీళ్లకు పెట్టినవి కావు. మన రేవుల్లో ఏం జరుగుతుంది? సంకల్పం చెప్పుకుని ఆచమనం చేస్తాం, అంటే మూడుసార్లు ఆ నీళ్లే నోట్లోకి వెళ్తాయి. ముక్కు పట్టుకుని మూడు మునకలు వేస్తాం. చంటిపిల్లల నెత్తిన దోసిళ్లతో పోస్తాం. తిరిగి వెళ్లేటప్పుడు సీసాల్లో పట్టుకెళ్లి, రాలేక ఇంట్లో ఉండిపోయినవాళ్లకు తీర్థంగా ఇస్తాం, ఆ ఉండిపోయినవాళ్లు మంచం పట్టిన పెద్దవాళ్లో, నీరసంగా ఉన్నవాళ్లో అయి ఉంటారు. సరదాగా ఈతకొట్టి వెళ్లిపోయేవాళ్ల కంటే మనకు జాగ్రత్త ఎక్కువ కావాలి, తక్కువ కాదు.

పరీక్షలే జరగడం లేదని నేను అనను. కాలుష్య నియంత్రణ మండలి దేశమంతటా నదుల్లో నమూనాలు తీస్తుంది, మన గోదావరిలోనూ తీస్తుంది. ఆ ఫలితాలు పట్టికలుగా వెబ్‌సైట్లలోకి వెళ్తాయి, ఏడాదికి కనిష్ఠం ఇంత గరిష్ఠం ఇంత అని. 2018లో కేంద్ర మండలి దేశంలో 351 నదీ భాగాలను కలుషితమైనవిగా గుర్తిస్తే అందులో రాయనపేట నుంచి రాజమహేంద్రవరం దాకా గోదావరి కూడా ఉంది, అమరావతి నుంచి హంసలదీవి దాకా కృష్ణ కూడా ఉంది. తీవ్రత లెక్కన రెండూ చివరి తరగతిలోనే ఉన్నాయి, యమున లాంటి పరిస్థితి మనకు లేదు, అది సంతోషించాల్సిన విషయమే. కానీ తెల్లారుజామున కోటిలింగాల రేవులో దిగే ముసలావిడకు ఆ పట్టికతో ఏం పని? ఆమెకు కావలసింది ఈరోజు దిగొచ్చా లేదా అన్న ఒక్క మాట.

నమూనా ఎక్కడ తీశారు, ఎన్ని గంటలకు తీశారు అన్నది కూడా చాలా ముఖ్యం. నది మధ్యలో పడవ మీంచి తీస్తే నీళ్లు బాగానే కనిపిస్తాయి, జనం మునిగేది మాత్రం మెట్ల పక్కన మొలలోతు నీళ్లలో. యూరప్ దేశాల నిబంధనల్లో స్నానానికి జనం ఎక్కువగా దిగే చోటే, నీటి పైభాగానికి ఓ 30 సెంటీమీటర్ల కిందనుంచి తీయాలని రాసుకున్నారు. ఇక వేళ సంగతి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నీళ్లలో ఉన్న ఈ బ్యాక్టీరియాను చంపుతాయి, అందుకే మధ్యాహ్నానికి లెక్క తగ్గుతుంది, రాత్రంతా ఎండ తగలదు కాబట్టి తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. మనం స్నానాలు చేసేదేమో సరిగ్గా ఆ తెల్లవారుజామునే. ఆఫీసు తెరిచాక పదకొండింటికి వచ్చి సీసా ముంచితే వచ్చే అంకె వేరు, నాలుగున్నరకు కార్తీక స్నానం చేసేవాళ్ల ఒంటికి తగిలే నీళ్లు వేరు. రేవు పక్కన, జనం ఉన్న వేళ తీసిన నమూనా అయితేనే బోర్డు మీద రాయాలి, లేకపోతే ఆ బోర్డును నమ్మి దిగినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

వానల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి లాభం లేదు. ఎండాకాలంలో మన ఊరి దగ్గర కనిపించేదంతా ధవళేశ్వరం బ్యారేజీ నిలబెట్టిన నీళ్లు. పైనుంచి ప్రవాహం బాగా తగ్గిపోతుంది, వచ్చేది ఎక్కువగా సీలేరు జలాశయాల నుంచి వదిలినదే. పారే నది మురుగును పలచన చేసి తీసుకుపోతుంది, నిలిచిన నీళ్లకు ఆ శక్తి తక్కువ. అప్పుడు కూడా నల్లా ఛానల్ లాంటి మురుగు కాలువలు ఆగవు కదా. తర్వాత తొలి వానలు పడతాయి, ఊళ్లో కాలువల్లో, సందుల్లో నెలల తరబడి పేరుకున్నదంతా ఒక్కసారిగా నదిలోకి కొట్టుకొస్తుంది. నీళ్లు ఎర్రబడితే కొత్తనీరు వచ్చిందని మనవాళ్లు సంతోషంగా దండం పెడతారు, నేనూ పెడతాను, కానీ పెద్ద వాన తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు రేవుల దగ్గర బ్యాక్టీరియా లెక్క బాగా పెరుగుతుందన్నది ప్రపంచమంతా చూసిన విషయం. పుష్కరాలు వచ్చేది వానాకాలంలో. అందుకే ఇప్పటి నుంచి పుష్కరాల దాకా ఎండల్లోనూ వానల్లోనూ కొలిచి పెట్టుకుంటే ఏ రేవు ఎంత వానకు ఎలా మారుతుందో మనకు ముందే తెలుస్తుంది. పుష్కరాల ముందురోజు హడావిడిగా సీసాలు పట్టుకుని వస్తే ఏమీ తెలియదు.

ప్రయాగ్‌రాజ్‌లో ఏం జరిగిందో చూశాం. 2025 మహా కుంభమేళా జనవరి 13న మొదలై ఫిబ్రవరి 26న ముగిసింది. మేళా చివరికి వస్తుండగా, సంగమం దగ్గర చాలాసార్లు ఫీకల్ కోలిఫామ్ స్నాన ప్రమాణాన్ని మించిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నివేదిక హరిత ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కాదంది. తర్వాత అదే మండలి ఇంకో నివేదికలో, గణాంకాల ప్రకారం చూస్తే నీళ్లు స్నానానికి తగినవే అని, మధ్యస్థ విలువ, అంటే కొలతలన్నీ వరుసలో పెడితే నడుమ వచ్చే అంకె, 1400 అని చెప్పింది. టీవీల్లో రోజులకు రోజులు వాదించుకున్నారు. ఎవరు ఒప్పు ఎవరు తప్పు అన్న గొడవలోకి నేను పోను. నాకు బాధ కలిగించింది వేరే ఉంది. కోట్లమంది మునిగి వెళ్లిపోయాక అంకెలు బయటికొచ్చాయి. మునిగిన రోజున మునిగిన మనిషికి ఎవరూ ఏమీ చెప్పలేదు. మన గోదావరి దగ్గర అలా జరగకూడదు. పైగా మధ్యస్థ విలువ బాగుందంటే నేను దిగిన పూట బాగుందని కాదు కదా, పిల్లకు వాంతులు మొదలైతే ఆ అంకె చూపించి ఏం ఓదారుస్తాం?

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. మామూలు పద్ధతిలో కోలిఫామ్ పరీక్షకు రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, బీఓడీకి మూడు రోజులు. అంటే బోర్డు మీద రాసేసరికి ఆ నీళ్లు సముద్రంలో కలిసిపోయి ఉంటాయి. ఫీకల్ కోలిఫామ్‌లలో ముఖ్యమైన ఈ.కోలై అనే బ్యాక్టీరియాను రంగు మార్పుతో పట్టించే పద్ధతులు ఉన్నాయి, అవి ఒక్కరోజులో జవాబిస్తాయి, ఖర్చు కాస్త ఎక్కువ. షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున బీచ్‌లకు డీఎన్ఏ ఆధారంగా కొన్ని గంటల్లోనే తేల్చే పరీక్ష వాడుతున్నారు, అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్ల పిల్లలు నీళ్లలో దిగేముందు ఆరోజు జెండా చూసుకునే దిగుతారు. పారిస్‌లో సీన్ నదిలో 1923 నుంచి ఈత నిషేధం, నీళ్లు శుభ్రం చేసుకుని 2025 ఎండాకాలంలో మూడు చోట్ల జనానికి తెరిచారు, రోజూ పొద్దున జెండా ఎగరేస్తారు, పెద్ద వాన పడితే మూసేస్తారు. వాన సంగతి తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు, వర్షపాతం లెక్క ఉంటే చాలు. మనం కూడా అలా చేయొచ్చు. నిన్నటి పరీక్ష ఫలితం, నిన్న పడ్డ వాన, నీళ్లలో బురద ఎంత ఉంది, ఈ మూడూ కలిపి చూసి పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒకటి పెడితే చదువురానివాళ్లకు కూడా అర్థమవుతుంది.

ఆక్సిజన్, బురద చూపించే సెన్సార్లు నదిలో పెట్టి తెర మీద అంకెలు తిప్పితే సరిపోతుందని కొందరు అంటారు. అవి బ్యాక్టీరియాను లెక్కపెట్టలేవు. అలాగే పల్లెల్లో తాగునీటికి ఇచ్చే సీసా పరీక్ష, నీళ్లు పోసి ఉంచితే నల్లగా మారేది, అది కూడా ఇక్కడ పనికిరాదు. నది నీళ్లు పోస్తే అది ఇంచుమించు ఎప్పుడూ నల్లబడుతుంది, ఎంత ఉందో చెప్పదు. మెట్ల మీద బ్లీచింగ్ చల్లడం మెట్ల శుభ్రానికి మంచిదే, పారే నదికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

గంగా గోదావరులకు అపవిత్రం అంటదు, పరీక్షలేమిటి అనేవాళ్లు ఉంటారు. వాళ్ల మీద నాకు గౌరవమే, నేనూ ఈ నీళ్లలోనే మా నాన్నగారి అస్థికలు కలిపాను. తల్లి పవిత్రత మీద నాకు సందేహం లేదు, నాకున్న సందేహమంతా మనం ఆమెలోకి వదిలే మురుగు మీద. బోర్డు పెడితే జనం టెన్షన్ పడతారు, రావడం మానేస్తారు అని అధికారులు భయపడొచ్చు. ఎర్ర రంగు పెట్టిన రోజు స్నానం మానమని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆచమనం ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్లతో చేయండి, చిన్నపిల్లల్ని, గాయాలున్నవాళ్లని, గర్భిణుల్ని దించకండి, ప్రోక్షణతో సరిపెట్టుకోండి, లేదా పక్కన క్లోరిన్ కలిపిన నీళ్ల షవర్లు ఉన్నాయి అక్కడ చేయండి అని చెబితే భక్తులు అర్థం చేసుకుంటారు. ప్రోక్షణ మనకు శాస్త్రం ఇచ్చిన వీలే కదా.

ఇది పెద్ద రేవుల గొడవ మాత్రమే కాదు. డెల్టా కాలువల్లో, ఊరి చెరువుల్లో పిల్లలు వేసవంతా ఈత కొడతారు. నిలవ నీళ్లు వేడెక్కినప్పుడు ముక్కు ద్వారా మెదడుకు చేరే అమీబా వల్ల కేరళలో 2024లో, 2025లో ప్రాణాలు పోయాయి. అది అరుదైన జబ్బే, కానీ వస్తే బతకడం చాలా కష్టం, కోలిఫామ్ పరీక్షలో అది కనపడదు కూడా. ఆకుపచ్చ తెట్టె కట్టిన చెరువులో, వేడెక్కి కదలకుండా ఉన్న గుంటల్లో పిల్లల్ని దూకనివ్వొద్దని పంచాయతీ ఒక బోర్డు పెడితే దానికి ఏ ల్యాబూ అవసరం లేదు. లోతు ఉంది జాగ్రత్త అని కొన్నిచోట్ల రాస్తున్నారు, దాని కిందే ఇంకో రెండు లైన్లు.

మనుషులు కావాలంటే మనకు కొరత లేదు. ఊళ్లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది, డిగ్రీ కాలేజీల్లో మైక్రోబయాలజీ చదివే పిల్లలున్నారు. స్టెరిలైజ్ చేసిన సీసా, ఐస్ పెట్టె, ఒక బండి ఉంటే తెల్లవారుజామున నమూనా తీసి కొన్ని గంటల్లో ల్యాబ్‌కు చేర్చొచ్చు. కాలుష్య నియంత్రణ మండలి పర్యవేక్షిస్తే, నగరపాలక సంస్థ బోర్డు రాయిస్తే సరిపోతుంది. ముందు పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు, అవతలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రం, ఈ మూడు చోట్ల వారానికి ఒకసారైనా మొదలుపెట్టండి, పర్వదినాల్లో రోజూ చేయండి. అంకె బాగోలేని రోజున బోర్డు తీసేయకూడదు, ఆరోజే అది ఉండాలి.

ఈ కార్తీకమాసానికల్లా మొదటి బోర్డు పెట్టగలరా, పెట్టలేకపోతే ఎందుకు పెట్టలేరు అన్నది జిల్లా అధికారులు మీ పత్రిక ద్వారానే జవాబు చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం