సెలవు చీటీలో ‘ఒంట్లో బాగోలేదు’ అంటే సరిపోదు

తల్లిదండ్రులకు నమస్కారం.

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలతో పాటు జ్వరాలూ దిగుతాయని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈసారి మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. పిల్లలు బడికి రాకపోతే, ఎందుకు రాలేదో విడమరిచి రాయండి.

ఫ్రాన్సులో ‘ఎస్‌ఓఎస్ మెద్‌సాన్’ అని 1966 నుంచి నడుస్తున్న డాక్టర్ల వ్యవస్థ ఉంది. ఫోను చేస్తే అర్ధరాత్రయినా ఇంటికొచ్చి చూస్తారు. ఏ జబ్బు చూశారో ఆ వివరం అక్కడి ప్రజారోగ్య సంస్థకు చేరుతుంది. ఫ్లూ, వాంతులు, విరేచనాలు, పసిపిల్లల ఆయాసం ఏ వారం ఎక్కడ పెరిగాయో దాంతో తెలుస్తుంది. 2003 ఆగస్టు వడగాడ్పులకు దాదాపు 15 వేల మంది చనిపోయాకే, 2004లో ఆ దేశం ఇలాంటి నిఘా పెట్టుకుంది. మన దేశంలోనూ వారంవారీ నిఘా 2004లోనే మొదలైంది. కానీ ఇంట్లోనే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టిన పిల్లాడు ఏ ఆసుపత్రి లెక్కలోకీ రాడు. మా హాజరుపట్టీలో మాత్రం దొరుకుతాడు!

అందుకే జ్వరమా, వాంతులా, కళ్లకలకా, ఒంటిమీద దద్దుర్లా, ఎప్పట్నుంచి అన్నది డైరీలోనో క్లాస్ టీచరుకు వాట్సాప్‌లోనో రాయండి. ప్రతి శుక్రవారం తరగతులవారీగా చూస్తాం. ఒకే సెక్షన్‌లో వాంతులు ఎక్కువైతే ముందు తాగునీటి ట్యాంకు కడిగిస్తాం. జ్వరాలైతే పూలకుండీల్లో, మేడమీద నిలిచిన నీళ్లు పారబోయిస్తాం. డెంగీ దోమ పగలే కుడుతుంది, అంటే పిల్లలు మా దగ్గరున్న వేళే. పిల్లల పేర్లు బయటికి రావు. పెళ్లికెళ్లి ‘వైరల్ ఫీవర్’ అని రాసేవాళ్లూ ఉన్నారు. పెళ్లయితే పెళ్లనే రాయండి, ఏమీ అనను, లెక్క మాత్రం చెడగొట్టకండి.

డెంగీలో జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోవద్దు. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా చూడాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వకండి.

పొద్దున్నే సిరప్ పట్టించి పంపితే మధ్యాహ్నానికి ఒళ్లు మళ్లీ కాలిపోతుంది, పక్క బెంచీకీ అంటుకుంటుంది. యూనిట్ టెస్ట్ పోతుందన్న బెంగ వద్దు. కోలుకున్నాక విడిగా పెడతాం, మార్కులు తగ్గించం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు