చెల్లికి, ప్రార్థన విషయమై

కువైట్

ప్రభువునందు ప్రియమైన చెల్లికి,

అన్నయ్య వందనములు. దేవుని కృపవలన నేను క్షేమం.

నాన్నగారి కోసం ఇంటిల్లిపాదీ ఉపవాసముండి ప్రార్థించినా ఆయన దక్కలేదని, ఇక మోకరించడానికి మనసు రావడం లేదని నీవు వ్రాసిన ఉత్తరం చదివాను. మన విశ్వాసం చాలకనే అలా జరిగిందని సంఘంలో ఎవరో అన్నారట. ఆ మాటను మనసులో ఉంచుకోవద్దు, అది వాక్యానికి సమ్మతమైనది కాదు. తన శరీరంలోని ముల్లును, అంటే తనను విడువని బాధను, తీసివేయమని అపొస్తలుడైన పౌలు ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువైన యేసు సాగిలపడి, ఆ శ్రమల గిన్నెను తొలగింపుమని చెమట రక్తబిందువుల వలె కారునంతగా ప్రార్థించినా సిలువ తప్పలేదు. అడిగినది దొరకనంత మాత్రాన తండ్రి వినలేదనుకుంటే, ఆ రాత్రి కూడా వినలేదనవలసి వస్తుంది. బైబిలులోని హెబ్రీ పత్రిక అయిదవ అధ్యాయం మాత్రం ఆయన ప్రార్థన అంగీకరింపబడిందనే చెబుతున్నది. వేదనతో నేలమీద పడినవాడు, ప్రార్థన ముగిశాక నిద్రిస్తున్న శిష్యులను లేపి, తనను అప్పగించేవానికి తానే ఎదురు వెళ్ళాడు. తండ్రి చిత్తానికి తనను అప్పగించుకొని లేచిన ఆ లేవడమే ప్రార్థన ఫలమని నా నమ్మకం.

ఇక్కడ ఆదివారం పనిదినం కనుక మన తెలుగు ఆరాధన శుక్రవారం జరుగుతుంది. ప్రార్థన మనవులను చీటీలపై వ్రాసి పెట్టెలో వేస్తారు, తలా ఒకటి తీసుకొని ఎదుటివారి కోసం ప్రార్థిస్తాము. మొన్న నాకు వచ్చిన చీటీ కడప వైపు నుంచి వచ్చి ఇంటిపని చేసుకుంటున్న ఒక సోదరిది. తాను పెంచుతున్న యజమానుల బిడ్డకు జ్వరం తగ్గాలని మొదట, ఊళ్ళో తన కొడుకు పదవ తరగతి పరీక్షలని తరువాత వ్రాసి, తన అకామా (ఇక్కడ ఉండడానికిచ్చే నివాస అనుమతి) గడువు సంగతి అడుగున చిన్న అక్షరాలతో పెట్టింది. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనూ అనుదినాహారానికి ముందు తండ్రి నామము, రాజ్యము, చిత్తము ఉన్నాయి కదా! ఆ వరుస ఆమె బ్రతుకులోకి వచ్చేసిందనిపించింది. ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని, ఆ చీటీ ముందు నాకు మాట రాలేదు.

నీకు దేవునిమీద కోపం ఉంటే ఆ కోపంతోనే ఆయన యెదుటికి వెళ్ళు. 88వ కీర్తన చదువు. అందులో ఓదార్పు మాట వెదకవద్దు, అది చీకటిని గూర్చిన మాటతోనే ముగుస్తుంది. అయినా భక్తుడు ఆ ఫిర్యాదు చేసింది దేవునితోనే, అదీ పరిశుద్ధ గ్రంథంలో చేరింది.

సాయంత్రం కుటుంబ ప్రార్థనకు అమ్మ ఒక్కతే కూర్చుంటున్నదని తెలిసింది. నోరు విప్పి ప్రార్థించకపోయినా సరే, ఆమె ప్రక్కన వెళ్ళి కూర్చో. అమ్మకు నా వందనములు చెప్పగలవు.

ఇట్లు,
మీ అన్నయ్య