బా ఇంటి బాలకృష్ణుడు

లెస్టర్,
ఆదివారం రాత్రి

అమ్మకు నమస్కారాలు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? తైలం రాసుకుంటున్నావా, లేక సీసా అలమరలోనే ఉందా? నేను బాగానే ఉన్నాను. ఆఫీసు పని ఎప్పటిలాగే ఉంది.

నాన్నగారి తద్దినానికి రాలేదని నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నువ్వు రెండుసార్లు వీధి గుమ్మంలోకి వెళ్లి చూశావని అన్నయ్య చెప్పాడు. సెలవు అడిగానమ్మా, ఇవ్వలేదు. అడగలేదని మాత్రం అనుకోకు.

పై అంతస్తులో గుజరాతీ పెద్దావిడ ఉంటారని చెప్పాను కదా, అందరూ బా అని పిలుస్తారు. మొన్న వాళ్లింటికి వెళ్తే లోపలినుంచి ‘అధరం మధురం’ వినిపించింది. నువ్వు శుక్రవారం ముగ్గు వేస్తూ పాడుకునేదే. వరస వేరు, అయినా గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇది మా అమ్మ పాట అన్నాను. మా మహాప్రభువు రాసినది అన్నారు బా. వల్లభాచార్యులు!

ఆయన వెలనాటి తెలుగు కుటుంబంలోని వారమ్మా. తండ్రి లక్ష్మణ భట్టు, తల్లి ఇల్లమ్మ. కాశీ మీద దాడి జరుగుతుందని భయపడి దక్షిణానికి బయలుదేరితే, దారిలో చంపారణ్యంలో, 1479లో నెలలు నిండకుండానే కాన్పు అయిందట. బిడ్డలో చలనం లేదని జమ్మిచెట్టు కింద వదిలి వెళ్లారట. తిరిగి వచ్చి చూస్తే చుట్టూ మంట, మధ్యలో ఆడుకుంటున్న పసివాడు. బా నోట ఇల్లమ్మ అన్న పేరు వింటే మన వీధిలో ఎవరినో పిలిచినట్టు అనిపించింది.

పూజ చేస్తున్నావా అని ఫోను చేసినప్పుడల్లా అడుగుతావు. లేదని చెప్పలేక మాట మార్చేదాన్ని. పొద్దున ఏడింటికల్లా బస్సు ఎక్కాలి. బా ఇంట్లో చూశాక సిగ్గేసింది. అరచేయంత బాలకృష్ణుడు. ఆయన్ను నిద్ర లేపడం, అలంకరించడం, పాలు పట్టడం, పడుకోబెట్టడం, అన్నీ ఆవిడే. చలికాలమని దూది పెట్టి చిన్న అంగీ కుడుతున్నారు. వెండి గ్లాసు చుట్టూ చేయి వేసి పాల వేడి చూస్తారు. నేను గడప ఇవతలే నిలబడి చూస్తాను.

బా వాళ్లది వల్లభాచార్యులు చూపిన భక్తి మార్గం, పుష్టి మార్గమట. అంటే ఏమిటని అడిగాను. పుష్టి అంటే భగవంతుడి అనుగ్రహమట. మన సాధనతో సంపాదించేది కాదు, ఆయన ఇస్తే అందేది. పుష్టిగా తింటున్నావా అని నువ్వడిగే మాటే గుర్తొచ్చి కళ్లు తడిశాయి. తింటున్నానమ్మా, నిజంగా.

జగత్తు మిథ్య అనే పెదనాన్నగారికి ఇది చదివి వినిపించు. వల్లభులది శుద్ధాద్వైతం. మాయ అంటని బ్రహ్మమే ఈ జగత్తు అయింది, బంగారమే నగ అయినట్టు. అందుకని జగత్తు సత్యమే, నేను, నాది అనుకునే సంసారమే అసత్యం. పెదనాన్నగారు ఒప్పుకోరు, కోప్పడతారు కూడా. అయినా వినాలి. నీ ముగ్గు, మన అరుగు, నాన్నగారి కుర్చీ నిజం కాదంటే ఇంత దూరంలో నేను దేన్ని పట్టుకుని ఉండాలి?

అన్నయ్యను బండి మెల్లగా నడపమను.

అంగీకి అంచు కావాలని బా అన్నారు. ఈసారి పచ్చళ్లతో పాటు మంగళగిరి జరీ అంచు మూర పొడవున పంపు. పాత చీరది వద్దు, కొత్తది కొను. దారం ఎక్కించే పని నాకిచ్చారు.

నీ
చిన్నమ్మాయి