స్టెరాయిడ్ ఇచ్చి ఇంటికి పంపేటప్పుడు షుగర్ చూడమనండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా నాన్న మంచినీళ్లు తాగాలంటే ముందు అద్దం ముందుకెళ్లి, నోట్లో ప్లేటు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుంటారు. కాస్త జారినా నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తాయి. 2021 మేలో బ్లాక్ ఫంగస్ వచ్చి, పైదవడ ఒక పక్క, అంగిలితో సహా తీసేశారు. కన్ను దక్కింది. ఆ వార్డులో అది అదృష్టం కింద లెక్క.

అంతకుముందు కోవిడ్‌తో ఖమ్మంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారు. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చారు, బతికించారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. పంపేటప్పుడు మాత్రం ఇంకో రెండు వారాలకు స్టెరాయిడ్ మాత్రలు రాసి, షుగర్ మాటే ఎత్తలేదు. ఇంటికొచ్చిన ఐదో రోజు ఎడమ చెంప మొద్దుబారింది. పంటి నొప్పేమో అనుకుని లవంగ నూనె పెట్టాం! కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి చేరేసరికి షుగర్ 420. ఆయనకు షుగర్ ఉందని మాకు తెలిసింది ఆ రోజే.

బ్లాక్ ఫంగస్ తెచ్చే ఈ బూజు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేదే. అందరం పీలుస్తూనే ఉంటాం. స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగి, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అది రక్తనాళాల్లోకి దూరుతుంది. నల్లగా కనిపించేది రక్తం అందక చచ్చిపోయిన కండ. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, అదీ రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజుల దాకా అన్నది అప్పటికే తెలిసిన సంగతి.

మే 20న మన రాష్ట్రం ఈ జబ్బును తప్పక రిపోర్టు చేయాల్సినవాటిలో చేర్చింది. జూలైకల్లా దేశంలో 45 వేలు దాటాయి కేసులు. ఈ బూజును చంపే మందు యాంఫోటెరిసిన్. నాన్న బరువు 60 కిలోలు, కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన 50 మిల్లీగ్రాముల సీసాలు రోజుకు ఆరు. వాటికోసం నేను తిరగని మందుల షాపు లేదు. ఒక్క గ్లూకోమీటర్ స్ట్రిప్పుతో ముందే తెలిసిపోయేదానికి ఇంత తిప్పలు.

కోవిడ్ పోయింది కదా అంటారేమో. ఫ్లూ ముదిరి ఐసీయూలో పడ్డవాళ్ల ఊపిరితిత్తుల్లోనూ ఆస్పర్‌జిల్లస్ అనే ఇంకో బూజు చేరుతుంది.

అందుకే అడుగుతున్నాను. సర్కారు దవాఖానా అయినా ప్రైవేటైనా, స్టెరాయిడ్ వాడిన ప్రతి పేషెంటుకూ డిశ్చార్జి రోజున షుగర్ చూడాలి, వారం లోపల ఆశా కార్యకర్త ఇంటికెళ్లి మళ్లీ చూడాలి. చెంప తిమ్మిరి, ఒక పక్క ముక్కు దిబ్బడ, కన్ను వాపు, పళ్లు కదలడం, వీటిలో ఏదొచ్చినా ఆగకుండా రమ్మని డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయాలి. బూజు ఉందో లేదో మైక్రోస్కోపు కింద చూసే కేఓహెచ్ పరీక్ష ప్రతి జిల్లా ఆసుపత్రిలో అదే రోజు జరగాలి.

నాన్న డిశ్చార్జి కాగితం నా దగ్గరే ఉంది. మీ ఆఫీసువాళ్లు చూస్తామంటే తెచ్చి ఇస్తాను. ఎలాగూ ప్లేటు మళ్లీ వదులైంది, వచ్చే వారం హైదరాబాద్ వస్తున్నాం.

ఇట్లు,
ఖమ్మం నుంచి ఒక కూతురు